మ్యూయాన్ రీడౌట్ బోర్డు ఎన్ని పల్సులు వదిలేస్తోంది? ఎఫిషియెన్సీ పరీక్ష డైరీ

మా కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో రెండు సింటిలేటర్ పలకలతో, అంటే కణం దాటినప్పుడు కాస్త వెలిగే పలకలతో, ఒక మ్యూయాన్ టెలిస్కోప్ ఉంది. మ్యూయాన్లంటే కాస్మిక్ కిరణాలవల్ల ఆకాశం నుంచి వచ్చే సూక్ష్మ కణాలు. పలక ఒక్కొక్కటి 20 సెంటీమీటర్ల చదరం, ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ప్రతి పలకకు ఆ వెలుగును విద్యుత్ పల్సుగా మార్చే ఒక సిలికాన్ ఫోటోమల్టిప్లయర్, పల్సు నిర్ణీత ఎత్తు (థ్రెషోల్డ్) దాటితే చెప్పే ఒక కాంపరేటర్. రెండు పలకలూ ఒకేసారి వెలిగితే ట్రిగ్గర్, అంటే రాసుకోమనే సంకేతం, వస్తుంది. పల్స్ ఎత్తును పీక్ హోల్డ్ సర్క్యూట్ పట్టి ఉంచితే ఏటిమెగా328పి చిప్ ఉన్న చిన్న ఆర్డుయినో బోర్డు దాన్ని చదివి ల్యాప్‌టాప్‌కు పంపుతుంది. పలకను వంచుతూ ఏ కోణంలో ఎన్ని మ్యూయాన్లు వస్తున్నాయో లెక్కపెట్టడం విద్యార్థుల ప్రయోగం.

ఇది ఆ ప్రయోగం గురించిన డైరీ కాదు. వచ్చిన ట్రిగ్గర్లలో బోర్డు నిజంగా ఎన్ని రాసుకుంటోంది అన్న ఒక్క ప్రశ్నదే. ఇలాంటి బోర్డు కట్టుకునేవాళ్లు ఈ పరీక్షలను ఇదే వరుసలో చేసుకోవచ్చు. వరుస మారితే అంకెలు మోసం చేస్తాయి. ఎలా చేస్తాయో కింద ఉంది.

దశ 1: కొలత దేనితో

సముద్రమట్టం దగ్గర అడ్డంగా పరిచిన పలక మీద చదరపు సెంటీమీటరుకు నిమిషానికి సుమారు ఒక మ్యూయాన్ పడుతుంది. మా పలక వైశాల్యం 400 చదరపు సెంటీమీటర్లు, అంటే సెకనుకు ఆరేడు. రెండు పలకలనూ దాటేవి మాత్రమే లెక్కలోకి వస్తే సెకనుకు నాలుగు లోపే. ఇంత తక్కువ రేటుకు ఎఫిషియెన్సీ పరీక్ష ఎందుకని మొదట్లోనే ఒక ప్రశ్న వచ్చింది. రెండు కారణాలున్నాయి. కాంపరేటర్ థ్రెషోల్డ్ సరిచూసుకోవాలంటే ఒకే పలకను, దాని థ్రెషోల్డ్‌ను నాయిస్ (మ్యూయాన్ లేకుండానే పుట్టే పల్సులు) దాకా దించి నడపాలి, అప్పుడు సెకనుకు వందల ట్రిగ్గర్లు వస్తాయి. రెండోది, నాలుగు హెర్ట్జ్ దగ్గర కూడా నష్టం సున్నా కాదు. ఆ లెక్క చివర్లో ఇస్తాను.

డిటెక్టర్‌తోనే పరీక్షిస్తే ఎన్ని పల్సులు వచ్చాయో మనకే తెలియదు. అందుకని లెక్క తెలిసిన పల్సులు కావాలి. రాస్ప్‌బెర్రీ పై పికో బోర్డును పల్స్ జనరేటర్‌గా పెట్టాం. అందులోని పిఐఓ భాగం (ప్రాసెసర్‌తో పనిలేకుండా పిన్నులను నడిపేది) 125 మెగాహెర్ట్జ్ గడియారం మీద నడుస్తుంది, కాబట్టి 8 నానోసెకన్ల మెట్లతో పల్సులు వదలొచ్చు.

జనరేటర్ తయారీ:

1. పికో నాలుగు పిన్నులను రెసిస్టర్ నిచ్చెనకు కలిపాం. దాంతో వచ్చే ఎత్తుల్లో ఎనిమిదింటిని వాడుకున్నాం. అన్నిటికంటే చిన్నది కూడా థ్రెషోల్డ్ కంటే పైనే ఉండేట్టు చూశాం.
2. పల్సు ఆకారం సిలికాన్ ఫోటోమల్టిప్లయర్ పల్సులాగే వేగంగా లేచి నెమ్మదిగా దిగాలి. అందుకు ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ చాలు.
3. ఎత్తులు 1 నుంచి 8 దాకా వరుసగా తిరుగుతాయి. ఏ రికార్డు ఏ పల్సుదో ఎత్తును బట్టే పోల్చుకోవచ్చు.
4. తను ఎన్ని పల్సులు వదిలిందో పికో లెక్కపెట్టి చివర్లో చెబుతుంది.

మూడో అంశాన్ని ఎవరూ వదిలేయకండి. ఈ డైరీలో బయటపడిన రెండు పెద్ద లోపాలూ దానివల్లే దొరికాయి.

దశ 2: రెండు కౌంటర్లూ ఒప్పుకున్నాయి, రెండూ తప్పే

ఎఫిషియెన్సీ అంటే రాసుకున్న రికార్డులను వచ్చిన ట్రిగ్గర్లతో భాగించడం. ట్రిగ్గర్లను లెక్కపెట్టే పని రీడౌట్ బోర్డుకే అప్పజెప్పకూడదు. అది బిజీగా ఉన్నప్పుడు దాని లెక్క కూడా ఆగిపోతుంది. అందుకని ఇంకో ఏటిమెగా తీసుకుని దాని టైమర్1 బయటి ఇన్‌పుట్‌కు ట్రిగ్గర్ తీగ కలిపాం. ఆ లెక్క హార్డ్‌వేర్‌లోనే జరుగుతుంది, ప్రోగ్రాముతో పని లేదు.

10 హెర్ట్జ్ దగ్గర 10,000 పల్సులు వదిలాం.

- పికో వదిలినవి: 10,000
- టైమర్ కౌంటర్: 9,488
- బోర్డు రికార్డులు: 9,506

పికో లెక్క చూడకుండా రికార్డులను కౌంటర్‌తో భాగిస్తే 100.2 శాతం వస్తుంది. ఎవరైనా సంతోషంగా పేజీ తిప్పేస్తారు. కానీ 500 పల్సులు ఎటో పోయాయి.

ఎత్తులవారీగా విడదీస్తే విషయం తేలింది. 1వ ఎత్తు పల్సులు 1,250 వదిలితే బోర్డు దగ్గర ఉన్నవి 803. 2వ ఎత్తువి 1,203. మిగతా ఆరు ఎత్తులూ పూర్తిగా వచ్చాయి. ఆసిలోస్కోప్ పెట్టి కాంపరేటర్ అవుట్‌పుట్ చూశాం. చిన్న పల్సు థ్రెషోల్డ్ పైన ఉండేది కొద్దిసేపే కాబట్టి 1వ ఎత్తుకు అవుట్‌పుట్ వెడల్పు సుమారు 40 నానోసెకన్లు, 2వ ఎత్తుకు 60. ఏటిమెగా గడియారం 16 మెగాహెర్ట్జ్, ఒక టిక్కు 62.5 నానోసెకన్లు. ఈ చిప్ ఇన్‌పుట్ పిన్నును టిక్కుకోసారి మాత్రమే చూస్తుంది. రెండు చూపుల మధ్య వచ్చి వెళ్లిపోయిన పల్సు దానికి లేనట్టే. 40ని 62.5తో భాగిస్తే 64 శాతం, మాకు వచ్చిన 803 సరిగ్గా అక్కడే ఉంది. కౌంటర్ చిప్పుదీ అదే జబ్బు కాబట్టి అదీ అన్నే వదిలేసింది, లెక్కలు కలిసిపోయాయి.

ఒకే రకం చిప్పును రెండు చోట్లా పెట్టి పోల్చితే వచ్చే ప్రమాదం ఇదే. పైగా పోతున్నవన్నీ చిన్న పల్సులే. ఇది లెక్కలో ఐదు శాతం లోటుతో ఆగదు, పల్స్ ఎత్తుల గ్రాఫ్ ఆకారాన్నే మార్చేస్తుంది.

మార్పు: కాంపరేటర్ తర్వాత ఒక మోనోస్టేబుల్ పెట్టి ప్రతి పల్సునూ 1 మైక్రోసెకను వెడల్పుకు సాగదీశాం. ఇక్కడ చిప్ ఎంపిక ముఖ్యం. షాపులో ఎక్కువగా దొరికేది 74హెచ్‌సి123. అది రీట్రిగ్గర్ అవుతుంది, అంటే అవుట్‌పుట్ పైన ఉండగా ఇంకో పల్సు వస్తే గడువు మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. రేటు పెరిగేకొద్దీ అది అసలు కిందికే దిగని స్థితికి చేరుతుంది. 74హెచ్‌సి221కి ఆ గుణం లేదు, ఒకసారి మొదలైతే 1 మైక్రోసెకను పూర్తయ్యేదాకా ఇంకేదీ పట్టించుకోదు. ఆ ప్రవర్తనకు లెక్క కట్టడం తేలిక, కాబట్టి 221నే వాడాం. 1,000 హెర్ట్జ్ దగ్గర ఇది కలిపే నష్టం 0.1 శాతం.

మళ్లీ 10,000 వదిలితే మూడు చోట్లా 10,000. ఒక్కటీ పోలేదంటే నష్టం సున్నా అని అర్థం కాదు. N పల్సుల్లో ఒక్కటీ పోకపోతే, నష్టం 3/N కంటే తక్కువని 95 శాతం నమ్మకంతో చెప్పగలం, అంతే. ఇక్కడ అది 0.03 శాతం. వెయ్యి పల్సులతో ఆపేసి ఉంటే 0.3 శాతం దాకా మాత్రమే చెప్పగలిగేవాళ్లం.

ఇప్పటిదాకా లెక్క: నెమ్మదైన రేటు దగ్గర నష్టం 0.03 శాతం లోపు. వేగం సంగతి ఇంకా తెలియదు.

దశ 3: సమాన విరామాల పల్సులు

బోర్డులో ఉన్న ప్రోగ్రాము ట్రిగ్గర్ రాగానే పల్స్ ఎత్తు చదివి, సంఖ్యగా మార్చి, 12 అక్షరాల లైను సీరియల్ పోర్టులో పంపి, చివరి అక్షరం పోయేదాకా ఆగుతుంది. ఆ తర్వాతే పీక్ హోల్డ్‌ను ఖాళీ చేసి కొత్త ట్రిగ్గర్‌కు తలుపు తీస్తుంది. ఈ మొత్తం సమయమే డెడ్ టైమ్. దాని వాటాలు:

- అనలాగ్ చదవడం: 112 మైక్రోసెకన్లు
- అక్షరాలుగా మార్చడం: సుమారు 70
- 9,600 బాడ్ దగ్గర 12 అక్షరాలు పంపడం: 12,500
- పీక్ హోల్డ్ ఖాళీ చేయడం: 20
- మొత్తం: సుమారు 12.7 మిల్లీసెకన్లు

బాడ్ లెక్క తెలియనివారికి ఒక మాట. ఒక అక్షరానికి 8 బిట్లతోపాటు మొదలు, చివర గుర్తులు కలిపి 10 బిట్లు పోతాయి. 9,600 బాడ్ అంటే సెకనుకు 960 అక్షరాలు, అంతకు మించి రావు.

ఒకే విరామంతో పల్సులు వదిలి చూశాం.

- 50 హెర్ట్జ్: 100 శాతం
- 75 హెర్ట్జ్: 100 శాతం
- 80 హెర్ట్జ్: 98.4 శాతం
- 100 హెర్ట్జ్: 78.7 శాతం

ఈ పట్టిక చూసి బోర్డు 75 హెర్ట్జ్ దాకా పూర్తిగా పనిచేస్తుందని రాసుకోవడం చాలా చోట్ల చూశాను. అది నిజం కాదు. మ్యూయాన్లు సమాన విరామాలతో రావు. టికెట్ కౌంటర్ దగ్గరకు మనుషులు నిమిషానికొకరు చొప్పున వరుసగా వస్తే ఎవరూ ఆగక్కర్లేదు, కానీ ముగ్గురు ఒక్కసారే వచ్చి తర్వాత కాసేపు ఎవరూ రాకపోతే, సగటు అదే అయినా ఇద్దరు నిలబడాల్సిందే. మన బోర్డు దగ్గర నిలబడే చోటు కూడా లేదు.

దశ 4: యాదృచ్ఛిక పల్సులు, సున్నా దగ్గరి గుట్ట

పికోలో విరామాలను మార్చాం. 0, 1 మధ్య ఒక యాదృచ్ఛిక సంఖ్య తీసుకుని దాని సహజ లాగరిథమ్‌కు మైనస్ పెట్టి రేటుతో భాగిస్తే పాయిసాన్ ప్రక్రియకు (ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా సగటు రేటుతో వచ్చే ఘటనలకు) సరిపోయే విరామం వస్తుంది. ఇలాంటి విరామాల పట్టికను ముందే తయారుచేసి మెమరీలో పెట్టాం, నడుస్తుండగా లెక్కలు కడితే పికోయే ఆలస్యం చేస్తుంది.

రావాల్సిన విలువకు సూత్రం: ఎఫిషియెన్సీ = 1 ÷ (1 + రేటు × డెడ్ టైమ్). బిజీగా ఉన్నప్పుడు వచ్చిన పల్సు బిజీ సమయాన్ని పొడిగించని బోర్డులకు ఇది సరిపోతుంది. ఒక్కో రేటు దగ్గర 10,000 పల్సులు వదిలాం.

- 20 హెర్ట్జ్: సూత్రం 79.7 శాతం, కొలత 97.1
- 50 హెర్ట్జ్: సూత్రం 61.2 శాతం, కొలత 85.8
- 75 హెర్ట్జ్: సూత్రం 51.2 శాతం, కొలత 74.7

కొలత సూత్రం కంటే ఎంతో మెరుగ్గా ఉంది. ఇలాంటప్పుడే ఆగి చూడాలి. డెడ్ టైమ్‌ను ఆసిలోస్కోప్ మీద మళ్లీ కొలిచాం, 12.7 మిల్లీసెకన్లే. అంటే లెక్కలో పల్సులు ఎక్కడినుంచో అదనంగా వస్తున్నాయి.

పల్స్ ఎత్తుల గ్రాఫ్ గీస్తున్న విద్యార్థిని అడిగింది: "సార్, సున్నా దగ్గర ఇంత గుట్ట ఏంటండీ? మనం పంపినవి ఎనిమిది ఎత్తులే కదా, ఇది తొమ్మిదోది."

ఎనిమిది శిఖరాలు ఉండాల్సిన చోట తొమ్మిది ఉన్నాయి. 50 హెర్ట్జ్ రన్‌లో ఆ తొమ్మిదో శిఖరంలో నాలుగు వేలకు పైగా రికార్డులు. అన్నిటి ఎత్తూ దాదాపు సున్నా.

కారణం చిప్ పనితీరులోనే ఉంది. ఏటిమెగాలో బయటి ఇంటరప్ట్‌కు, అంటే చేస్తున్న పని ఆపి ఇటు చూడమనే సంకేతానికి, ఒక జెండా బిట్ ఉంటుంది. ప్రోగ్రాము ఇంకో పనిలో ఉండగా ట్రిగ్గర్ వస్తే ఆ జెండా లేచి అలాగే నిలబడుతుంది. పని పూర్తవగానే చిప్ జెండా చూసి కొత్త ట్రిగ్గర్ వచ్చిందనుకుని వెంటనే చదవడం మొదలుపెడుతుంది. కానీ ఆ పల్సు వచ్చినప్పుడు పీక్ హోల్డ్ పాత పల్సును పట్టుకుని ఉంది, మధ్యలో దాన్ని ఖాళీ చేసేశాం. కాబట్టి చదివేది ఖాళీ కెపాసిటర్‌ను. రికార్డు నంబరు ఉంటుంది, సమయం ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. వీటికి మేం దెయ్యం రికార్డులని పేరు పెట్టుకున్నాం.

వాటిని తీసేసి లెక్కపెట్టాక అసలు ఎఫిషియెన్సీలు ఇవి:

- 20 హెర్ట్జ్: 75.3 శాతం
- 50 హెర్ట్జ్: 45.5 శాతం
- 75 హెర్ట్జ్: 28.8 శాతం

సూత్రం చెప్పినదానికంటే కూడా తక్కువ. దెయ్యం రికార్డు ఒక్కోటీ తన వంతుగా ఇంకో 12.7 మిల్లీసెకన్లు తినేస్తోంది, ఆ సమయంలో వచ్చిన నిజమైన పల్సు బయటే ఉండిపోతోంది. 50 హెర్ట్జ్ దగ్గర మా చేతిలో ఉన్న అంకె 85.8, నిజం 45.5. దాదాపు సగం తేడా. లెక్కను మాత్రమే చూసే ఏ పరీక్షా దీన్ని పట్టుకోలేదు.

సరిచేసిన విధం, ఈ వరుసలోనే చేయాలి:

1. పీక్ హోల్డ్‌ను ఖాళీ చేయండి. 20 మైక్రోసెకన్లు ఆగండి.
2. ఈఐఎఫ్ఆర్ రిజిస్టర్‌లో ఐఎన్‌టిఎఫ్0 బిట్‌కు 1 రాయండి. ఈ చిప్పులో జెండా దింపాలంటే 1 రాయాలి, 0 కాదు.
3. ఆ వెంటనే ఇంటరప్ట్ తెరవండి.

2, 3 మధ్య ఇంకే పనీ పెట్టకండి. ఆ సందులో వచ్చిన పల్సు మళ్లీ జెండా ఎత్తుతుంది.

మార్పు తర్వాత 10,000 చొప్పున: 20 హెర్ట్జ్ దగ్గర 7,958, 50 దగ్గర 6,131, 75 దగ్గర 5,126. 50 హెర్ట్జ్ దగ్గర గణాంక అనిశ్చితి సుమారు 49 రికార్డులు, మిగతా రెండింటికీ అటూ ఇటూగా అంతే. మూడూ సూత్రానికి సరిపోయాయి. తొమ్మిదో శిఖరం మాయమైంది.

సమాన విరామాల పరీక్ష కూడా మళ్లీ చేశాం. 75 హెర్ట్జ్ దగ్గర 100 శాతం, 80 దగ్గర సరిగ్గా 50. విరామం డెడ్ టైమ్ కంటే కాస్త తగ్గగానే ప్రతి రెండో పల్సూ పోతుంది. డెడ్ టైమ్ ఎంతో చూసుకోవడానికి ఈ మెట్టు చాలా ఉపయోగపడుతుంది. ఎఫిషియెన్సీ చెప్పడానికి మాత్రం పనికిరాదు. అదే 75 హెర్ట్జ్ దగ్గర యాదృచ్ఛిక పల్సులకు 51, సమాన విరామాలకు 100. బోర్డు ఒకటే.

ఇప్పటిదాకా లెక్క: డెడ్ టైమ్ 12.7 మిల్లీసెకన్లు. దెయ్యం రికార్డులు సున్నా. 50 హెర్ట్జ్ దగ్గర నిజమైన ఎఫిషియెన్సీ 61 శాతం.

దశ 5: డెడ్ టైమ్ తగ్గించడం

ఇక అంకెలను నమ్మొచ్చు కాబట్టి ఒక్కో మార్పు చేసి ఒక్కోసారి కొలిచాం. ఒక్కచోట తప్ప రెండు మార్పులు కలిపి చేయలేదు.

*బాడ్ రేటు.* 9,600 నుంచి 1,15,200కి మార్చాం. పంపే సమయం 12,500 నుంచి సుమారు 1,040 మైక్రోసెకన్లకు, మొత్తం డెడ్ టైమ్ 1.24 మిల్లీసెకన్లకు దిగింది. 50 హెర్ట్జ్ దగ్గర 94 శాతం, 200 దగ్గర 80.

*క్యూ బఫర్.* చదివిన విలువను వెంటనే పంపకుండా మెమరీలో 64 రికార్డుల రింగ్ బఫర్‌లో పెట్టి, పీక్ హోల్డ్ ఖాళీ చేసి, వెంటనే తలుపు తీశాం. పంపే పని వెనకాల దానిపాటికి అది నడుస్తుంది. డెడ్ టైమ్ 140 మైక్రోసెకన్లు. 200 హెర్ట్జ్ దగ్గర 97.3 శాతం, 1,000 దగ్గర 87.7. ఖర్చు లేకుండా వచ్చిన పెద్ద లాభాల్లో ఇదొకటి. ఈ పనిలో ఒక్క మార్పే చేసే వీలుంటే దీన్నే చేయమంటాను.

బఫర్‌తోపాటే లైనును అక్షరాల నుంచి బైట్లకు మార్చాం. రికార్డుకు 10 బైట్లు: మొదట గుర్తు బైటు 1, రికార్డు నంబరు 2, సమయం 4, పల్స్ ఎత్తు 2, చెక్‌సమ్ (బైట్లు దారిలో పాడవలేదని చూసుకునే సంఖ్య) 1. సమయం మైక్రోసెకన్లలో 32 బిట్ల సంఖ్య, 71.6 నిమిషాలకోసారి మళ్లీ సున్నాకు తిరుగుతుంది. రాత్రంతా నడిపే రన్ అయితే ఆ మలుపును విశ్లేషణ ప్రోగ్రాములో కలుపుకోవాలి.

*అనలాగ్ గడియారం.* ఆర్డుయినో మామూలుగా ఈ గడియారాన్ని 16 మెగాహెర్ట్జ్‌ను 128తో భాగించి 125 కిలోహెర్ట్జ్ దగ్గర నడుపుతుంది. ఒక కొలతకు 13 టిక్కులు, అంటే 104 మైక్రోసెకన్లు. 16తో భాగిస్తే 1 మెగాహెర్ట్జ్, 13 మైక్రోసెకన్లు. 200 కిలోహెర్ట్జ్ దాటితే పూర్తి 10 బిట్ల ఖచ్చితత్వం ఉండదని చిప్ డేటాషీట్ ముందే చెబుతుంది. అందుకని పల్సు లేకుండా ఖాళీ విలువను వేలసార్లు చదివి చూశాం. ఆ విలువలు చెదిరే వెడల్పు 0.6 కౌంట్ల నుంచి 1.1కి పెరిగింది (చిప్ ఇచ్చే అంకెలో ఒక మెట్టు ఒక కౌంట్). మ్యూయాన్ శిఖరం వెడల్పు పదుల కౌంట్లలో ఉంటుంది కాబట్టి మాకు ఇది అడ్డు కాదు. సన్నని గీతలు కొలిచే గామా స్పెక్ట్రోమీటర్‌కు అయితే ఈ మార్పు చేసేముందు ఆలోచించాలి. డెడ్ టైమ్ 45 మైక్రోసెకన్లు, 1,000 హెర్ట్జ్ దగ్గర 95.7 శాతం.

*మళ్లీ తీగ అడ్డు.* 1,500 హెర్ట్జ్ దగ్గర 93.7 రావాలి, 76.8 వచ్చింది. 1,15,200 బాడ్ దగ్గర సెకనుకు 1,152 రికార్డులే బయటికి వెళ్తాయి. బఫర్ ఎంత పెద్దదైనా లోపలికి వచ్చే సగటు బయటికి వెళ్లే సగటును మించితే నిండక తప్పదు. బఫర్ గుంపులను మాత్రమే సర్దుతుంది. 5,00,000 బాడ్‌కు మార్చాం, సెకనుకు 5,000 రికార్డులు. 16 మెగాహెర్ట్జ్ గడియారం నుంచి 5,00,000 తేడా లేకుండా పుడుతుంది, 1,15,200 మాత్రం 2.1 శాతం తేడాతో వస్తుంది. వేగం పెంచితే తప్పులు పెరుగుతాయని భయపడ్డాం కానీ చెక్‌సమ్ తప్పులు ఇంకా తగ్గాయి. 1,500 దగ్గర 93.7 శాతం.

*ల్యాప్‌టాప్ వైపు.* ఇక్కడ ఎఫిషియెన్సీ ఉన్నట్టుండి 60లకు పడింది. రికార్డు నంబర్లు చూస్తే వందల కొద్దీ దూకుతున్నాయి. బోర్డు నంబరు వేసి పంపింది, ల్యాప్‌టాప్‌కు చేరలేదు. పైథాన్ ప్రోగ్రాము ప్రతి రికార్డుకూ గ్రాఫ్ గీస్తూ కూర్చుంటే సీరియల్ బఫర్ నిండి పొంగిపోతోంది. చదవడం ఒక ప్రోగ్రాములో, గీయడం ఇంకో ప్రోగ్రాములో పెట్టాం. చదివేది ఒకేసారి వేల బైట్లు లాగి ఫైల్లో పడేస్తుంది. నష్టం పూర్తిగా పోయింది. రికార్డు నంబరు లేకపోతే ఈ నష్టాన్ని బోర్డు ఖాతాలో రాసేవాళ్లం.

ల్యాప్‌టాప్ లేకుండా మెమరీ కార్డులో రాసుకునే ప్రయత్నం కూడా చేశాం. కార్డు మామూలుగా వేగంగానే ఉంటుంది, కానీ మధ్యలో ఒక్కోసారి లోపలి సర్దుబాటు కోసం ఆగుతుంది. ఎస్‌డిహెచ్‌సి ప్రమాణం ఒక రాత పనికి 250 మిల్లీసెకన్ల దాకా ఒప్పుకుంటుంది. 300 హెర్ట్జ్ దగ్గర ఆ సమయంలో 75 ట్రిగ్గర్లు వస్తాయి, మా బఫర్ 64. ఈ చిప్పులో మొత్తం ర్యామే 2 కిలోబైట్లు, బఫర్ పెంచే చోటు లేదు. మ్యూయాన్ల రన్‌కు కార్డు చాలు, నాయిస్ రన్‌కు ల్యాప్‌టాప్ తప్పదు.

ఇప్పటిదాకా లెక్క: డెడ్ టైమ్ 12,700 → 1,240 → 140 → 45 మైక్రోసెకన్లు. 1,000 హెర్ట్జ్ దగ్గర ఎఫిషియెన్సీ 95.7 శాతం, 10,000 పల్సులకు అనిశ్చితి 0.2.

దశ 6: జనరేటర్ లేకుండా సరిచూసుకోవడం

పికో లేనివాళ్లకు దారి ఉంది. వరుస రికార్డుల మధ్య విరామాలను లాగ్ స్కేలు మీద గీయండి. యాదృచ్ఛిక ట్రిగ్గర్లకు అది వాలుగీత అవుతుంది. వాలు రేటును చెబుతుంది, గీత ఎక్కడ మొదలైతే అదే డెడ్ టైమ్. మాది 45 దగ్గర నిటారుగా మొదలైంది. గీత మొదట్లో వంగినా, మధ్యలో గుట్ట కనిపించినా బోర్డులో ఇంకేదో జరుగుతోందని అర్థం. దెయ్యం రికార్డులున్న పాత ఫైలును ఇలాగే గీస్తే 12.7 మిల్లీసెకన్ల దగ్గర ఒక సూది శిఖరం లేచింది. ముందే గీసి ఉంటే అక్కడే దొరికేది.

నిజమైన యాదృచ్ఛిక మూలం కూడా డిటెక్టర్‌లోనే ఉంది. సిలికాన్ ఫోటోమల్టిప్లయర్ చీకట్లో కూడా వేడివల్ల పల్సులు పుట్టిస్తుంది. థ్రెషోల్డ్ దించితే సెకనుకు పదుల నుంచి వేల దాకా కావాల్సిన రేటు తెచ్చుకోవచ్చు. ఒక జాగ్రత్త: ఈ నాయిస్ ఉష్ణోగ్రతతో మారుతుంది, సుమారు 10 డిగ్రీలకు రెట్టింపు. ఏసీ లేని ల్యాబులో మే నెల పొద్దున పెట్టిన థ్రెషోల్డ్ మధ్యాహ్నానికి వేరే రేటు ఇస్తుంది. పొద్దున, మధ్యాహ్నం రన్‌లను కలిపి ఒకే రేటుగా లెక్కించకండి. డిటెక్టర్ పక్కనే థర్మామీటర్ పెట్టి ప్రతి రన్‌కూ రాసుకోండి.

మూలం లేకుండా ఇంకో మార్గం లైవ్ టైమ్ కొలవడం. బోర్డు బిజీ పిన్నును బయటికి తీసి, బిజీ లేనప్పుడు మాత్రమే ఒక గడియారాన్ని నడిపించి, దాన్ని మొత్తం సమయంతో భాగించాలి. ట్రిగ్గర్లు యాదృచ్ఛికమైతే ఈ అంకె ఎఫిషియెన్సీకి సమానం. చిన్న బోర్డుకు ఇదంతా అనవసరమని అనిపించవచ్చు. కానీ ఈ రంగంలో ఏ ఫలితమైనా చివరికి లైవ్ టైమ్ మీదే నిలబడుతుంది. మన చిత్తూరు సరిహద్దుకు దగ్గర్లోనే, కోలార్ బంగారు గనుల్లో రెండు కిలోమీటర్లకు పైగా లోతున టాటా ఇన్‌స్టిట్యూట్, ఒసాకా సిటీ, డర్హమ్ విశ్వవిద్యాలయాల బృందం 1965లో వాతావరణ న్యూట్రినోల (కాస్మిక్ కిరణాలు గాలిని తాకినప్పుడు పుట్టే, దాదాపు దేన్నైనా దాటిపోయే కణాలు) జాడ పట్టుకుంది. అక్కడ సంఘటనలు చేతివేళ్ల మీద లెక్కించేటంత అరుదు. డిటెక్టర్ ఎంతసేపు నిజంగా మేలుకుని ఉందో తెలియకపోతే ఆ కొన్ని సంఘటనల నుంచి రేటు తీయలేం. మరో కొసన యూరప్ కణ భౌతిక ప్రయోగశాల సెర్న్‌లోని సీఎంఎస్ డిటెక్టర్ సెకనుకు 4 కోట్ల ప్రోటాన్ గుత్తుల తాకిడుల నుంచి మొదటి దశ ట్రిగ్గర్‌తో లక్ష దాకా ఎంచుకుంటుంది. అక్కడ కూడా బిజీ సంకేతం, లైవ్ టైమ్ లెక్క తప్పవు.

దశ 7: మళ్లీ మ్యూయాన్ల దగ్గరికి

టెలిస్కోప్ నిటారుగా ఉన్నప్పుడు ట్రిగ్గర్ రేటు సెకనుకు సుమారు 3.8. పాత ప్రోగ్రాముతో ఈ రేటు దగ్గర నష్టం, దెయ్యం రికార్డులనూ నష్టంగానే లెక్కిస్తే, 4.8 శాతం. కొత్తదానితో 0.02 శాతం లోపు.

4.8 శాతం పెద్దది కాదని వదిలేయడానికి లేదు. నష్టం రేటును బట్టి ఉంటుంది కాబట్టి అన్ని కోణాల్లో ఒకేలా ఉండదు. మ్యూయాన్ల సంఖ్య కొసైన్ వర్గంగా తగ్గుతుందనుకుంటే 60 డిగ్రీల దగ్గర రేటు నాలుగో వంతు, అక్కడ నష్టం 1.2 శాతం. దెయ్యం రికార్డులను తీసేసి లెక్కపెడితే 0.25 రావాల్సిన నిష్పత్తి 0.26 దగ్గర వస్తుంది. విద్యార్థి గ్రాఫ్ గీసి ఘాతాంకం 2 కంటే తక్కువని రాస్తాడు. దానికి పలకల మందం, గోడల అడ్డు అంటూ కారణాలు వెతుకుతాడు. అసలు కారణం సీరియల్ పోర్టు వేగం. ఈ పరీక్షలన్నీ మాకు అందుకోసమే కావాల్సి వచ్చాయి.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. పైన కొలిచిందంతా రీడౌట్ ఎఫిషియెన్సీ, అంటే ట్రిగ్గర్ వచ్చాక రికార్డు అయ్యే అవకాశం. పలక గుండా మ్యూయాన్ వెళ్లినా ట్రిగ్గరే రాకపోవడం వేరే సంగతి. దానికి మూడు పలకలు పేర్చి, పై పలక, కింది పలక రెండూ వెలిగినప్పుడు మధ్యది ఎన్నిసార్లు వెలిగిందో చూడాలి. రెండు అంకెలనూ విడివిడిగా రాసి, చివర్లో మాత్రమే గుణించండి.

ప్రస్తుతం బోర్డు స్థితి:

1. ట్రిగ్గర్ పల్సు వెడల్పు 1 మైక్రోసెకను, 74హెచ్‌సి221తో.
2. డెడ్ టైమ్ 45 మైక్రోసెకన్లు: చదవడం 13, పీక్ హోల్డ్ ఖాళీ 20, మిగతా ప్రోగ్రాము పనులు 12.
3. బయటికి సెకనుకు 5,000 రికార్డులు.
4. ప్రతి కొత్త ప్రోగ్రాము మార్పు తర్వాత ఎనిమిది ఎత్తుల యాదృచ్ఛిక పల్సులతో 1,000 హెర్ట్జ్ దగ్గర 10,000 వదిలి చూడడం. తొమ్మిదో శిఖరం కనిపిస్తే మార్పు వెనక్కి.

ఈ 45లో ఇక తగ్గేది పీక్ హోల్డ్ వాటా. ఖాళీ చేసే ట్రాన్సిస్టర్ మార్చితే 20 నుంచి 5 దాకా దించవచ్చని ఆసిలోస్కోప్ మీద కనిపిస్తోంది. తర్వాతి పని మ్యూయాన్ జీవితకాలం కొలవడం. అది 2.2 మైక్రోసెకన్లు, మ్యూయాన్ విచ్ఛిన్నమైనప్పుడు పుట్టే రెండో పల్సు వచ్చేటప్పటికి ఈ బోర్డు ఇంకా మొదటిదాన్ని చదువుతూనే ఉంటుంది. కాబట్టి రెండు పల్సుల మధ్య సమయాన్ని పికో పిఐఓ గడియారంతో విడిగా కొలిచి, రికార్డు నంబరు ద్వారా ఈ బోర్డు డేటాతో కలపాలనుకుంటున్నాం. రెండు బోర్డుల నంబర్లు ఒకదానితో ఒకటి తప్పకుండా నడుస్తాయో లేదో ముందు పరీక్షించాలి, దాని తీగలు ఈ వారం సోల్డర్ చేస్తున్నాం.